క్వారీ గోడ ముందు ఆపిల్

మిలుంకతో మాట్లాడాలనుకునేవాళ్ళు ఆమెకు ఎడమ పక్కన కూర్చోవాలి. కుడి చెవిని ఆమె ఎప్పుడో ఫ్యాక్టరీకి ఇచ్చేసింది. తిరిగి అడుగుదామన్నా అక్కడ ఇప్పుడు తెలిసినవాళ్ళెవరూ లేరు.

షుమాదియా కొండల మధ్య ఆ పట్నంలో తుపాకుల ఫ్యాక్టరీతో సంబంధం లేని ఇల్లు లేదు. మగవాళ్ళు ఉక్కు కరిగించేవాళ్ళు, గొట్టాలు తొలిచేవాళ్ళు. సాయంత్రమయ్యేసరికి సారా గ్లాసుల ముందు కూర్చుని, తమ చేతిపని ఏయే దేశాలకు పోయిందో చెప్పుకుని మురిసిపోయేవాళ్ళు. ఆ చేతిపనినంతా ఆఖరున కాల్చి చూసి, గురి సరిచేసి, సరుకు బాగుందని సంతకం పెట్టేది నేలమాళిగలోని పన్నెండు మంది ఆడవాళ్ళు. వాళ్ళను చూసి ఎవరూ మురిసిపోలేదు.

మిలుంక అక్కడ ఇరవై ఏడేళ్ళు చేసింది. పాతిక మీటర్ల సొరంగం, దాని చివర కాగితం మీద నల్లటి గుండ్రం, చేతిలో ఇంకా నూనె ఆరని పిస్తోలు. ఐదు తూటాలు కాల్చాలి. కాగితం దగ్గరికి లాక్కుని చూడాలి. తూటాలు ఎడమకు పోతుంటే గొట్టం చివర పైనున్న గురి బొడిపెను చిన్న ఇత్తడి సుత్తితో వెంట్రుకవాసి ఎడమకు జరపాలి. మళ్ళీ ఐదు. రోజుకు నలభై పిస్తోళ్ళు. చెవుల్లో దూది. ఆ చప్పుడు మనిషిని లోపల్నించి తొలిచేస్తుందని డాక్టర్లకు తెలుసు, పైవాళ్ళకు తెలుసు, ఆ ఆడవాళ్ళకూ తెలుసు. అందరికీ తెలిసిన సంగతి కాబట్టే ఎవరూ నోరెత్తలేదు. ఒక శీతాకాలం మిలుంక ఎత్తింది. చెవులకు సరైన తొడుగులు ఇచ్చేదాకా సొరంగంలోకి దిగేది లేదని పన్నెండు మందినీ మెట్ల మీద కూర్చోబెట్టింది. నాలుగో రోజున తొడుగులు వచ్చాయి. ఆమె కుడి చెవికి మాత్రం అవి పదేళ్ళు ఆలస్యంగా వచ్చాయి.

ఆమె సొంత పిస్తోలు కూడా ఆ సొరంగంలోనే దొరికింది. పాత తరహాది. ఆమె తండ్రి కుర్రాడుగా ఉన్నప్పటి నమూనా. అంతా ఉక్కే, సన్నగా పలకలా ఉంటుంది. తొమ్మిది తూటాలు పడతాయి. మొదటిది మనం ఎక్కించాలి, ఆ తరవాత ప్రతి దెబ్బకూ అదే ఎక్కించుకుంటుంది. మెరుగు పెట్టేటప్పుడు పైన ఒక గీత పడిందని దాన్ని పై దేశాలకు పంపే సరుకులోంచి తీసేశారు. అలా తీసేసినవాటిని కార్మికులకు చవగ్గా ఇచ్చేవాళ్ళు, మంచి కుట్టుమిషను ధర కూడా ఉండేది కాదు. చూడ్డానికి బాగాలేదని పక్కన పడేసిన ఆ పిస్తోలే పరీక్షలో ఐదు తూటాలనూ ఒక నాణెం కింద దాచేయగలిగినంత దగ్గరగా కొట్టింది. ఆ సంగతి కాల్చిన మనిషికి తప్ప ఎవరికి తెలుస్తుంది? మిలుంక ఆ సాయంత్రమే లైసెన్సుకు దరఖాస్తు రాసింది.

ఆ లైసెన్సు ఇంట్లో ఉంచుకోవడానికి మాత్రమే. బయటికి తీయాలంటే తూటాలు వేరుచేసి, పెట్టెలో పెట్టి, తాళం వేసి, తిన్నగా గురి మైదానానికి వెళ్ళాలి. ఆ మైదానమంటే పట్నానికి ఉత్తరాన పాడుబడ్డ రాతి క్వారీ. మూడు పక్కలా నిట్టనిలువు సున్నపురాతి గోడ, కింద ఇసుక. ఉద్యోగం మానేశాక మిలుంక ప్రతి శనివారం అక్కడి క్లబ్బులో కొత్తవాళ్ళకు నేర్పుతుంది. వాళ్ళు ప్లాస్టిక్ పిడుల కొత్త పిస్తోళ్ళు పట్టుకొస్తారు. ఆమెదాన్ని చూసి, పిన్నీ దీన్ని మ్యూజియానికిస్తే టిక్కెట్టు పెట్టి చూపిస్తారు కదా అని వేళాకోళం చేస్తారు.  ఆమె కాల్చి, కాగితం తెప్పించి వాళ్ళ ముందు పెడుతుంది. ఇంటికొచ్చాక వంటింటి బల్ల మీద పాత పేపరు పరిచి, ముక్కముక్కా విప్పి, తుడిచి, నూనె రాసి, మళ్ళీ కూరుస్తుంది. ఒంటరి ఇంట్లో ఆదివారాలు అలా కొన్ని గంటలు గడిచిపోతాయి.

ఆమె భర్త పోయి పంతొమ్మిదేళ్ళయింది. పిల్లల్లేరు. యాభై ఎనిమిదో ఏట ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకోబోతోందంటే, దానికి కారణం రొట్టెల కొట్టులో ఒక తక్కెడ.

బస్సు స్టాపు ఎదురుగా తిహోమీర్ కొట్టు. అరవై ఏళ్ళ మనిషి, అతనూ ఒంటరివాడే. అతను చేసే మాంసం పొరల రొట్టె కోసం పొద్దున ఆరింటికే జనం నిలబడతారు. మిలుంక కూడా నిలబడేది. తక్కెడ బల్లకు కుడివైపున ఉండేది కాబట్టి అతని మాటలన్నీ ఆమెకు కుడి చెవి వైపు నుంచే వచ్చేవి. ఎంత కావాలని అతను అడిగేవాడు, ఆమెకు వినబడేది కాదు, వెనకవాళ్ళు విసుక్కునేవాళ్ళు. ఒక సోమవారం వెళ్ళేసరికి తక్కెడ, కత్తి, కాగితాల కట్ట, తిహోమీర్, అన్నీ ఎడమవైపుకు వచ్చేసి ఉన్నాయి. ఎందుకు మార్చావు మేస్త్రీ అని ఎవరో అడిగితే, ఇటైతే వెలుతురు బాగుందన్నాడు. ఆ ఎడమవైపు అసలు కిటికీయే లేదు. మిలుంక పావుకిలో అడిగేచోట అరకిలో అడిగి, ఇంటికి పోయి, అంత రొట్టె ఏంచేసుకోవాలో తెలియక బల్ల మీద పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

ఏడాదిన్నర తరవాత ఇద్దరూ కలిసి మిలుంక అన్న గ్వోజ్దెన్ దగ్గరికి వెళ్ళారు.

గ్వోజ్దెన్‌ది పట్నం నుంచి అరగంట దూరాన కొండ మీది పల్లె. తండ్రి పోయేనాటికి మిలుంకకు పన్నెండేళ్ళు, అతనికి ఇరవై. పెంచినది అతనే. ఆ పల్లెల్లో పెళ్ళికూతురిని చెయ్యి పట్టుకుని గుమ్మం దాటించి పెళ్ళికొడుకుకు అప్పగించేది అన్నదమ్ములు. కానీ అంతకుముందు పెళ్ళికొడుకు ఆపిల్ కొట్టాలి. ఆడపిల్లవాళ్ళు పొడుగాటి వాసం చివర ఆపిల్ కట్టి పెరట్లో నిలబెడతారు. దాన్ని తూటాతో పడగొడితేనే పిల్ల బయటికి వస్తుంది. వాసం ఎంత ఎత్తయితే పిల్లకు అంత గౌరవం. ఇరవై రెండో ఏట మిలుంక ఈ గొడవేమీ లేకుండా, అన్నకు చెప్పకుండా, ఒక లారీ డ్రైవరుతో వెళ్ళి రిజిస్ట్రారు ముందు సంతకం పెట్టొచ్చింది. గ్వోజ్దెన్ నాలుగేళ్ళు ఆమెతో మాట్లాడలేదు. తరవాత మాట్లాడాడు గానీ, ఆ సంగతి మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తలేదంటే మరిచిపోయాడని మిలుంక అనుకుంది.

ఆ రోజు అతను పళ్ళ సారా పోసి, తిహోమీర్‌ను కాసేపు ఎగాదిగా చూసి, సంబంధం మంచిదే అన్నాడు. తరవాత లేచి చెల్లెల్ని పశువుల కొట్టంలోకి తీసుకెళ్ళాడు. పైన దూలాల మీద అడ్డంగా, చివరికంటా నున్నగా చెక్కిన దేవదారు వాసం ఒకటి పడుకుని ఉంది.

"పద్నాలుగు మీటర్లు," అన్నాడు. "నీకు ఇరవై రెండేళ్ళప్పుడు నరికాను. నీకు తెలీకుండా ఆరబెడదామనుకున్నా. నువ్వు నాకంటే ముందే నాకు తెలీకుండా పెళ్ళి చేసేసుకున్నావు."

మిలుంక తలెత్తి ఆ వాసాన్ని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసింది. పొయ్యిలో పెట్టలేదు, అమ్మలేదు, సొంత కూతురి పెళ్ళికి కూడా వేరే వాసమే నరికాడు. ముప్ఫై ఆరేళ్ళు దీన్ని ఎలకల నుంచీ చెమ్మ నుంచీ కాపాడుకుంటూ వచ్చాడు. ఇప్పుడు కాదనడం ఎలా?

కానీ కాదనక తప్పలేదు. కారణం ఆ పెరటి కింద ఉంది.

పెరటికి దిగువన, రేగుతోట దాటి, వాలు మీద రోమా అనే జిప్సీ జనం పేట. రేకుల కప్పులు, ఇరుకు సందులు, నలభై ఒక్క ఇళ్ళు. ఈ చుట్టుపక్కల ఏ పెళ్ళికైనా, బారసాలకైనా బాకాలూదేవాళ్ళు ఆ పేటలోంచే రావాలి. అదే పెళ్ళిలో, అదే బారసాలలో తాగినవాళ్ళు పైకి కాల్చే తూటాలు మాత్రం ఆ పేట మీదికే పోవాలి. మూడేళ్ళ కింద గ్వోజ్దెన్ మనవడు పుట్టినప్పుడు పెరట్లో పొద్దుగూకేదాకా పిస్తోళ్ళు పేలాయి. బాకాల మేళానికి పెద్ద దెమీర్. మర్నాడు పొద్దున అతని భార్య జుమ్రీతా పట్నం వచ్చి, వెతుక్కుంటూ మిలుంక తలుపు తట్టింది. కొంగు ముడిలోంచి నలిగిన ఇత్తడి రంగు ముక్క తీసి చేతిలో పెట్టింది. ఇది రేకుకు తూటు పొడిచి, తన చిన్నపిల్ల పడుకునే పక్క మీద పడిందని, పిల్ల అప్పటికే నీళ్ళకు వెళ్ళబట్టి సరిపోయిందని చెప్పింది. ఫిర్యాదు చెయ్యడానికి రాలేదు. ఇది ఎలాంటిదో, ఇంకోసారి పడితే రేకు కింద బల్ల వేసుకుంటే ఆగుతుందో లేదో ఫ్యాక్టరీ మనిషివి నీకు తెలుస్తుందని వచ్చానంది. మిలుంకకు తెలుసు. బల్ల ఆపదు. ఆ ముక్కను చూడగానే అది ఏ రకం పిస్తోలు లోంచి వచ్చిందో కూడా తెలుసు. అలాంటివాటికి ఆమె వేలకొద్దీ సంతకాలు పెట్టింది.

అందుకే ఆ రోజు కొట్టంలోనే అడిగింది.

"అన్నా, మన పెరట్లోంచి పైకి కాలిస్తే తూటా ఎక్కడికి పోతుంది?"

"ఎక్కడికేంటి, ఆకాశంలోకి."

"ఆకాశంలో ఉండిపోదు. ఇరవై ఏడేళ్ళు అదే పని చేశాను, నాకు చెప్పకు. పేట మీద దిగుతుంది."

"ఆ పేటలో ఎవరున్నారే, నాలుగు రేకుల కొంపలు."

"నలభై ఒకటి. నీ మనవడి బారసాలకి బాకా ఊదిన దెమీర్ ఇల్లు అందులోదే. ఆవేళ పడ్డ తూటా నా చేతిలో పెట్టారు."

గ్వోజ్దెన్ మొహం గంటు పెట్టుకున్నాడు. తూటా తనదేనని ఏంటి రుజువన్నాడు. తాతల నాటి నుంచి ఈ పెరట్లోనే కొట్టారన్నాడు. పోనీ కొట్టం వెనక మట్టిగట్టు ముందు ఆపిల్‌ను కిందుగా కడదామని ఆమె అంటే, కోళ్ళు గుడ్లు పెట్టే ఎత్తులో నా చెల్లెలి ఆపిల్ కడితే జనం నవ్వరా అన్నాడు. ఇంట్లోకి వచ్చి తిహోమీర్‌తో ఒక్కటే మాట చెప్పాడు, పెరట్లో ఆపిల్ పడితేనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఇస్తానని. తిహోమీర్ తన జన్మలో పిస్తోలు పట్టలేదు. సైన్యంలో ఉన్న ఏడాదీ వంటశాలలోనే గడిపాడు. "నేర్చుకుంటాను బావగారూ" అన్నాడు. పెరటి సంగతి మాత్రం ఎత్తలేదు.

తిరుగు బస్సులో అతను మిలుంకకు ఎడమ పక్కన కూర్చుని, ఆయన రాకపోతే ఏం చేద్దామని అడిగాడు. పెళ్ళి అయితే అవుతుంది, దానికి అడ్డేం లేదంది. కాసేపాగి, కానీ మళ్ళీ అన్న లేకుండానే అవుతుంది అంది. అప్పుడు తిహోమీర్‌కు అర్థమైంది, ఆమెకు కావలసినది ఏమిటో.

ఏడు శనివారాలు నేర్పింది. మొదటి శనివారమంతా ఒక్క తూటా కూడా పేల్చనివ్వలేదు. పిడిలోంచి తూటాల పెట్టె ఊడదీయి, లోపల ఏమీ లేదని చూడు, నాకు చూపించు, మొన ఎప్పుడూ గోడవైపే, వేలు ట్రిగ్గరు మీద కాదు బయట. మళ్ళీ మొదటినుంచీ. వందసార్లు. అతను రొట్టెలవాడు, ఒకే పనిని వందసార్లు చేయడం అతనికి విసుగు కాదు.

రెండో శనివారం కాల్చాడు. పాత పిస్తోలు చప్పుడు ఎక్కువ, ముందు నిప్పు కూడా కనబడుతుంది. ప్రతి దెబ్బకూ కళ్ళు మూసుకున్నాడు. తూటాలు ఇసుకలోకి పోయాయి. కొత్తవాళ్ళు పక్కన ముసిముసిగా నవ్వుతుంటే మిలుంక అతని మోచేతి కింద అరచెయ్యి పెట్టి లేపింది. పెళ్ళికి ముందు అంత దగ్గరగా నిలబడడానికి ఊరంతటికీ అదొక్కటే మర్యాదైన చోటు.

"పిండిని పొరలా సాగదీసేటప్పుడు ఏం చేస్తావు మేస్త్రీ?"

"మెల్లగా లాగుతాను. ఎప్పుడు ఆగుతానో ముందు అనుకోను."

"ట్రిగ్గరు కూడా అంతే. చింపకు. లాగు. ఎప్పుడు పేలుతుందో నువ్వు అనుకోవద్దు."

ఆ రోజు చివరి కాగితానికి రెండు చిల్లులు పడ్డాయి. అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం రాళ్ళ మీద కూర్చుని అతను తెచ్చిన రొట్టె తినేవాళ్ళు. ఒకసారి అడిగాడు, ఇంత చెవిటితనం తెచ్చిపెట్టిన వస్తువును ఇంకా ఎందుకు ఇంట్లో పెట్టుకున్నావని. మిలుంక పిస్తోలు మీది గీతను బొటనవేలితో రాసింది.

"దీన్ని పట్టుకుంటే నా పని నాకు కనబడుతుంది. దీన్ని ఎవరి మీదికీ ఎత్తలేదు, ఎత్తనివ్వలేదు. కానీ నేను సంతకం పెట్టి పంపినవి చాలా ఉన్నాయి మేస్త్రీ. అవన్నీ కాగితాలనే కొట్టాయనుకునేంత వెర్రిదాన్ని కాదు. ఇదొక్కటి మాత్రం నా కళ్ళెదురుగా ఉంటుంది."

తిహోమీర్ రొట్టె విరిచి పెద్ద ముక్క ఆమెకిచ్చాడు. 

ఐదో వారానికి పది అడుగుల ఎత్తులో కట్టిన ఆపిల్‌ను మూడింట ఒకసారి కొడుతున్నాడు. ఆరో వారం మిలుంక ఫోను చేసి అన్నకు చెప్పింది. ఆడపిల్లను ఆమె ఇంట్లోంచే తీసుకెళ్ళాలి కదా, సరే. నేను ఇరవై ఏడేళ్ళు సొరంగంలో బతికాను, తరవాత క్వారీలో. నా ఇల్లంటే నాకు అదే. క్లబ్బువాళ్ళు రిజిస్టరులో రాసుకుని అనుమతి ఇచ్చారు. ఆదివారం పన్నెండింటికి నన్ను అక్కణ్ణించి తీసుకెళ్తారు, నువ్వొచ్చి చెయ్యి పట్టుకో. గ్వోజ్దెన్ అంతా విన్నాడు. బాకాలవాళ్ళను తన పెరటికి పిలిచేశానని, వాసం దించి కడిగేశానని, తాను రానని చెప్పి ఫోను పెట్టేశాడు.

సెప్టెంబరు ఆఖరి ఆదివారం. ఎండ మెత్తగా ఉంది. మిలుంక నీలిబూడిద రంగు సూటు వేసుకుని, పక్కన తాళమేసిన పిస్తోలు పెట్టెతో క్వారీ బల్ల మీద కూర్చుంది. తిహోమీర్ కోటు బొత్తాలు పెట్టుకుంటూ తీస్తూ పచార్లు చేస్తున్నాడు. పెళ్ళిపెద్దగా నిలబడ్డ ఒబ్రాద్ అనే బస్సు డ్రైవరు, చుట్టాలు ఓ ఇరవై మంది, శనివారం కుర్రాళ్ళు. ఒంటిగంటకు చర్చిలో పాదిరి ఎదురుచూస్తుంటాడు. పన్నెండు దాటింది. పన్నెండుంబావు అయింది. ఒబ్రాద్ జేబులోంచి ఎర్రటి ఆపిల్ తీసి, ఎందుకైనా మంచిదని తెచ్చాను, ఏదో కర్రకు కట్టి కానిచ్చేద్దామన్నాడు.

"మా అన్న లేకపోతే అది ఉత్త పండే ఒబ్రాద్. తినెయ్యి," అంది మిలుంక.

ఒబ్రాద్ తినలేదు. అందరూ రోడ్డు వైపు చూడడం మానేసి నేల చూస్తున్నారు. మిలుంక గడియారం చూసుకుని లేచింది. ఇంకో ఐదు నిమిషాలు చూసి చర్చికి పోదామంది. గొంతు మామూలుగానే ఉంది గానీ, చేతిలోని తాళంచెవి పట్టు తప్పి ఇసుకలో పడింది. తిహోమీర్ వంగి తీయబోయి, వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు.

"బాకాలు," అన్నాడు.

ఆమెకు ఇంకా వినబడలేదు. కాసేపటికి మలుపులో గ్వోజ్దెన్ ట్రాక్టరు కనబడింది. ట్రాలీ దాటి వెనక్కి చాలా దూరం పొడుచుకొచ్చిన దేవదారు వాసం, దాని చివర ఎర్రగుడ్డ. వాసానికి అటూ ఇటూ కాళ్ళు వేసి కూర్చుని, కుదుపులకు ఎగిరెగిరి పడుతూ కూడా ఊదుతున్న దెమీర్ మేళం. వాళ్ళ మధ్య జుమ్రీతా, ఆమెను ఆనుకుని చిన్నపిల్ల.

ఏం జరిగిందో తరవాత జుమ్రీతా చెప్పింది. పొద్దున పెరట్లో వాసం పాతడానికి గొయ్యి తవ్వించి, గ్వోజ్దెన్ దాని అంచున చాలాసేపు నిలబడ్డాడట. తరవాత దెమీర్‌ను పిలిచి, మీ ఇంటి మీద తూటా పడ్డమాట నిజమేనా అని అడిగాడట. నిజమే, పిల్ల పక్క మీద పడిందని దెమీర్ చెప్పాడట. ఇరవై ఏళ్ళనుంచి నా ఇంటికొస్తున్నావు, ఒక్కనాడైనా చెప్పలేదేమని గ్వోజ్దెన్ కోప్పడ్డాడట. మీరు అడగలేదు, చెబితే ఇంకో మేళాన్ని పిలుస్తారని భయం, అన్నాడట దెమీర్. గ్వోజ్దెన్ తవ్విన గొయ్యి తనే పూడ్చి, ట్రాక్టరు బయటికి తీశాడట.

ఇప్పుడతను ట్రాక్టరు దిగి ఎవరినీ పలకరించలేదు. చేతులు నడుము మీద పెట్టుకుని క్వారీ గోడను కింద నుంచి పై దాకా చూశాడు.

"ఎంతుంటుంది ఇది?"

"ఇరవై రెండు మీటర్లు," అంది మిలుంక.

"నాది పద్నాలుగు." కాసేపు లెక్క చూసుకున్నాడు. "అయితే ఒక్క వేలు కూడా తగ్గించక్కర్లేదన్నమాట."

ఆ మాట మిలుంకకు ఎన్నడూ తోచలేదు. ఎత్తు తగ్గించమని అన్నను బతిమాలిందే తప్ప, అంతకంటే ఎత్తైన గోడ తన కళ్ళెదుటే ఉందని చూసుకోలేదు.

ఆలస్యమవుతుందని పాదిరికి కబురు పంపి, కుర్రాళ్ళూ మేళంవాళ్ళూ కలిసి గోడ మొదట్లో గొయ్యి తవ్వి, తాళ్ళతో లాగి వాసం నిలబెట్టారు. చివరన ఊగుతున్న ఆపిల్‌ను చూసి ఒబ్రాద్, ఇది ఆపిలా రేగుపండా అన్నాడు. తన చెట్టుదే, ఈ ఏడు కాపు చిన్నదన్నాడు గ్వోజ్దెన్, మొహం అటు తిప్పుకుని.

అందరూ కాల్చేచోట గీసిన గీత వెనక్కి వెళ్ళారు. చెవులకు తొడుగులు. మిలుంక తాళం తీసి, పిస్తోలు ఖాళీగా ఉందని చూపించి, తొమ్మిది తూటాలు నింపిన పెట్టె తిహోమీర్ చేతిలో పెట్టింది. అతను మొన గోడవైపు ఉంచి ఎక్కించాడు.

మొదటి తొమ్మిదీ పోయాయి. ఒకటి వాసాన్ని గీరి చెక్కు లేపింది, మిగతావి రాతిలో తెల్లటి మచ్చలయ్యాయి. చుట్టాలు వదల్లేదు. రొట్టె కాల్చినట్టు కాల్చకు మేస్త్రీ, రెండోవైపు కూడా మాడుతుంది అని ఒకరు. ఆపిల్ పండి తనే రాలేదాకా ఉందామా అని ఇంకొకరు. తిహోమీర్ మొహం ఎర్రబడింది. అయినా తొందరపడలేదు. ఖాళీ పెట్టె ఊడదీశాడు, లోపల చూసుకున్నాడు, మిలుంకకు చూపించాడు, పిస్తోలును బల్ల మీద మొన గోడవైపు ఉంచి పెట్టి వెనక్కి జరిగాడు.

గ్వోజ్దెన్ అదంతా రెప్ప వేయకుండా చూశాడు. తన పెరట్లో ఏ పెళ్ళికొడుకూ, ఎవడూ, తానైనా సరే, ఎప్పుడూ అలా చెయ్యలేదు. తాగి, నవ్వి, గాల్లోకి ఊపుతూ కాల్చినవాళ్ళే. తిహోమీర్‌ను ఓడించాలనే చిన్న ఆపిల్ ఏరి తెచ్చినవాడు, గీత దాటి అతని పక్కకు వచ్చాడు.

"ఎడమ కన్ను మూయకు," అన్నాడు, అతని చెవి తొడుగు కాస్త పైకెత్తి. "గాలి ఎడమనించి కుడికి ఊపుతోంది. కుడికొచ్చి ఆగి మళ్ళీ వెనక్కి వెళ్తుంది చూడు. ఆగినచోట కొట్టు."

"సరే బావగారూ."

మిలుంక రెండో పెట్టె నింపింది. వేళ్ళు మామూలుగా చేసే పనికి రెండింతల సమయం తీసుకున్నాయి. ఆమె ఎత్తితే ఆ ఆపిల్ ఒక్క దెబ్బకు పడుతుంది, అది ముగ్గురికీ తెలుసు. ఎత్తలేదు. పెట్టె తిహోమీర్ అరచేతిలో పెట్టి, ఆ చేతిని తన రెండు చేతులతో ఒకసారి మూసి, వదిలింది.

ఒకటి. రెండు. గ్వోజ్దెన్ పెదాలు లెక్కపెడుతున్నాయి. మూడు. నాలుగోదానికి తిహోమీర్ ఎంతసేపు ఆగాడంటే, పేలదేమోనని జనం తలలెత్తి చూశారు. అతను లాగుతూనే ఉన్నాడు, చింపకుండా. పేలింది. ఆపిల్ పక్కనుంచి కాస్త ముక్క ఎగిరిపోయి, తాడు తెగి, మిగిలిన పండు వాసం వెంట జారినట్టు తిన్నగా ఇసుకలో పడింది.

కేకల మధ్య తిహోమీర్ ముందు చేసిన పని మిగతా తూటాలు దించి, పిస్తోలు ఖాళీ అని చూపించడం. మిలుంక చూసి తలూపింది. పెట్టెలో పెట్టి తాళం వేసింది. ఆ తరవాతే అతను బల్ల మీద కూలబడ్డాడు. ఒబ్రాద్ అతని రెక్క పట్టి లేపి, గోడ దగ్గర నిలబెట్టాడు, పెళ్ళికొడుకు నిలబడాల్సిన చోట.

గ్వోజ్దెన్ చెల్లెలి దగ్గరికి వచ్చి చెయ్యి చాచాడు. ఆమె అందించింది. ఇసుకలో ఇరవై పాతిక అడుగులు. అతను వాటిని ఎంత నెమ్మదిగా నడవగలడో అంత నెమ్మదిగా నడిచాడు. తిహోమీర్ ముందుకు వచ్చి ఆగాక, అప్పగించాల్సిన చేతిని అప్పగించకుండా పట్టుకునే నిలబడ్డాడు.

"దీనికి పొద్దున్నే కాఫీ పడాలి. చక్కెర వెయ్యకు," అన్నాడు.

"తెలుసు బావగారూ."

"ఒకసారి నాకు చెప్పకుండా తీసుకుపోయారు." చెల్లెలి చేతిని అతని వైపు జరిపాడు. "నువ్వు చెప్పి తీసుకెళ్తున్నావు."

మిలుంక వేళ్ళు విడిపించుకోలేదు. అన్న తనంతట తను వదిలేదాకా ఆగింది. దెమీర్ బాకా పెదాలకు ఆనించుకున్నాడు గానీ, ఊదడానికి తొందరపడలేదు.